చిలుక పలుకుల నుంచి సొంత మాట దాకా: పిల్లలకు క్లాసికల్ క్రైస్తవ విద్యను ఇంట్లో, బడిలో అందించే పద్ధతి

మా పెద్దవాడికి ఏడేళ్లప్పుడు ప్రపంచ చరిత్ర మొత్తాన్ని ఒక పాటగా అప్పజెప్పేవాడు. సృష్టి నుంచి మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా అమెరికా అధ్యక్షుల దాకా. ఇంటికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేవారు, మేము పొంగిపోయేవాళ్లం. ఒకరోజు గుంటూరు నుంచి వీడియో కాల్‌లో వాళ్ల నానమ్మ అంతా విని, "ఆ షార్లెమేన్ ఎవరు నాన్నా?" అని అడిగింది. "ఆయన పాటలో వస్తాడు నానమ్మా" అన్నాడు వాడు.

ఆ జవాబు విన్న రాత్రే నేనూ మా ఆయనా కూర్చుని, మేము చేస్తున్నదేమిటో మొదటి నుంచీ మళ్లీ ఆలోచించుకున్నాం. బట్టీ పట్టించడం మన రక్తంలో ఉన్న విద్య. ఎక్కాలు, పద్యాలు, ఎంసెట్ ప్రశ్నలు అన్నీ అలాగే మింగి పెరిగినవాళ్లం. మేము ఎంచుకున్న క్లాసికల్ విద్య, అంటే పాత ఐరోపా చదువు పద్ధతి, కూడా కంఠస్థంతోనే మొదలవుతుంది కాబట్టి తెలుగు తల్లిదండ్రులకు తొలి రెండేళ్లు చాలా సులువుగా తోస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. బట్టీకీ ధారణకూ తేడా ఉంది. బట్టీ పరీక్ష దాకా నిలుస్తుంది. ధారణలో ఉన్నది అవసరమైన చోట అవసరమైన రూపంలో బయటికి వస్తుంది. అవధాని నాలుగు పాదాలను గుర్తుపెట్టుకునేది అప్పజెప్పడానికి కాదు, పద్యం పూర్తి చేయడానికి. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ తేడాను ఇంట్లో, బడిలో ఎలా కాపాడుకోవాలో.

మేము ఉండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. నాలుగేళ్లు పూర్తిగా ఇంట్లో చదివించాం. ఇప్పుడు పిల్లలిద్దరూ వారానికి మూడు రోజులు బడికి వెళతారు, మిగతా రోజులు ఇంట్లో చదువుతారు. కాబట్టి రెండు పక్షాలూ చూసి రాస్తున్నాను.

మొదటి మెట్టు: అసలు ఇది ఏమిటో తెలుసుకోండి

మధ్యయుగపు ఐరోపాలో చదువంటే ఏడు విద్యలు. మొదటి మూడు వ్యాకరణం, తర్కం, వాగ్మిత (మాటతో ఒప్పించే కళ). వీటిని కలిపి ట్రివియం అన్నారు. తర్వాతి నాలుగు అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. వీటి పేరు క్వాడ్రివియం. 1947లో ఇంగ్లండ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేస్తూ ఈ మొదటి మూడింటినీ పిల్లల ఎదుగుదలకు ముడిపెట్టింది. చిన్నపిల్లలు చిలుకల్లా పలుకుతారు, వారికి వ్యాకరణం. పదకొండు పన్నెండేళ్లకు ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తారు, వారికి తర్కం. కౌమారం ముదిరాక తమ మనసు చెప్పుకోవాలని తపిస్తారు, వారికి వాగ్మిత.

అపరాధ పరిశోధన నవలలతో పేరు తెచ్చుకున్న ఆమె, పిల్లల మనస్తత్వం గురించి తన అభిప్రాయాలు అందరూ ఒప్పుకునేవి కావని ఆ ప్రసంగంలోనే ఒప్పుకుంది. దానిని వేదవాక్యంగా పట్టుకున్నది తర్వాతివాళ్లు. పాత గురువులు పిల్లవాణ్ణి వయసుల వారీగా ముక్కలు చేయలేదు. వారికి వ్యాకరణమంటే లాటిన్ భాష, దానిలోని సాహిత్యం. కాబట్టి మూడు దశలను గోడలుగా కాక మొగ్గుగా మాత్రమే చూడండి. ఆరేళ్ల పిల్ల కూడా "ఎందుకు?" అని అడుగుతుంది. అడిగినప్పుడు, ఇది నీ దశ కాదు అనకూడదు కదా.

అమెరికాలో ఈ ఆలోచన బడి రూపం దాల్చడంలో 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణంలో మొదలైన లోగోస్ పాఠశాలకు పెద్ద పాత్ర ఉంది. 1990లలో ఇలాంటి బడులు, ఇంటి చదువు బృందాలు వేగంగా పెరిగాయి. ఇక ఇందులో "క్రైస్తవ" అన్నది ఎక్కడుందంటే, బైబిలు పీరియడ్ ఒకటి అదనంగా ఉండటంలో లేదు. అన్యుల విద్యను ఏం చేయాలన్న పాత ప్రశ్నకు ఇచ్చుకున్న జవాబులో ఉంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బంగారం తెచ్చుకున్నట్టు, అన్యుల గ్రంథాల్లోని సత్యాన్ని తెచ్చుకుని దేవుని సేవకు వాడుకోవాలన్నాడు తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీను. ఆయన మిలాన్‌లో వాగ్మిత బోధించిన పంతులు, పోగొట్టుకోవడానికి ఏముందో తెలిసినవాడు. బైబిల్లో దానియేలు బబులోనులో కల్దీయుల విద్య నేర్చుకున్నాడు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటను ఉదహరించాడు. ఈ ముగ్గురినీ మనసులో పెట్టుకుంటే, తర్వాత పుస్తకాల ఎంపిక దగ్గర వచ్చే గొడవ సగం తీరుతుంది.

రెండో మెట్టు: చట్టం చూసుకోండి

ఇది విసుగు పుట్టించే పనే గాని తప్పదు. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడిగా పరిగణిస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, పౌరధర్మం నిజాయితీగా నేర్పాలి. కాలిఫోర్నియాలో అక్టోబరు 1 నుంచి 15 లోపు ప్రైవేటు బడి అఫిడవిట్ దాఖలు చేయడం ఎక్కువ మంది ఎంచుకునే దారి. న్యూయార్క్‌లో ముందస్తు సమాచారం, బిడ్డకు విడిగా పాఠ్యప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక అడుగుతారు. పెన్సిల్వేనియాలో అఫిడవిట్‌తో పాటు ఏడాది పనిని మదింపు చేయించుకోవాలి. ఉద్యోగం మారి రాష్ట్రం మారినప్పుడల్లా నియమాలు మారతాయి కాబట్టి, పక్కింటివాళ్ల మాట మీద కాక ఆ రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉంటే సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. పదో తరగతిని జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా రాయించేవారు ఉన్నారు. నా సలహా మాత్రం ఇది: అక్కడ బడి మాన్పించకండి. కింద మూడో మెట్టులో చెప్పినది సాయంత్రం అరగంట చేయండి, అంతే చాలు. బడి ఇవ్వనిది ఆ అరగంట ఇస్తుంది.

మూడో మెట్టు: చిలుక వయసు (సుమారు 5–10)

ఏడేళ్ల బిడ్డకు ఇంటి చదువు రోజుకు మూడు గంటలు మించనక్కర్లేదు. మా ఇంట్లో ఎనిమిదిన్నరకు మొదలయ్యేది. పాట, ప్రార్థన, కంఠస్థం ఇరవై నిమిషాలు. తర్వాత లెక్కలు, బుర్ర తాజాగా ఉన్నప్పుడే. చదవడం, చేతిరాత, కాస్త విరామం, కథ. మధ్యాహ్నం పూర్తిగా ఆటలకే.

కంఠస్థానికి ఒక డబ్బా తయారు చేసుకోండి. ఈ కిటుకు వల్లే మా ఇంట్లో బట్టీ ధారణ వైపు తిరిగింది. చెక్క డబ్బానో అట్టపెట్టెనో తీసుకుని, అందులో నలభై ఒక్క అడ్డుచీటీలు పెట్టండి: "రోజూ" అని ఒకటి, "బేసి", "సరి" అని రెండు, వారాల పేర్లతో ఏడు, 1 నుంచి 31 వరకు తేదీలు. ప్రతి వాక్యాన్ని, పద్యాన్ని, లాటిన్ పట్టికను ఒక్కో కార్డు మీద రాసి ముందు "రోజూ" వెనక ఉంచాలి. తడబడకుండా వస్తే బేసికో సరికో జరపాలి. అక్కడా నిలిస్తే ఏదో ఒక వారానికి, తర్వాత ఏదో ఒక తేదీకి. ఏ రోజైనా తీయాల్సింది నాలుగు చోట్ల నుంచే. మూడేళ్ల కిందట నేర్చుకున్న కీర్తన కూడా నెలకోసారి పలకరించి వెళుతుంది. కొత్తది వారానికి ఒకటి మించకూడదు. ఇక్కడే మనకు చెయ్యి ఆగదు, నాకూ ఆగలేదు.

కార్డు వెనక మరో పని ఉంది. నేర్చుకున్న ప్రతిదాని మీదా ఒక ప్రశ్న రాయండి. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న వాక్యం కార్డు వెనక మేము "లేమి అంటే?" అని రాశాం. డాలస్‌లో పుట్టిన పిల్లకు లేమి అన్న మాట ఎక్కడ దొరుకుతుంది? "లేకపోవడం" అని చెప్పాక, మా చిన్నది ఫ్రిజ్ తెరిచి "మనకు పెరుగు లేమి కలిగింది" అంది. నవ్వుకున్నాం గాని, వ్యాకరణ దశ పండటమంటే అదే. మాట నోట్లోంచి ఇంట్లోకి వచ్చింది. షార్లెమేన్ కార్డు వెనకా ప్రశ్న చేరింది. క్రీ.శ. 800లో క్రిస్మస్ నాడు రోములో అతడికి కిరీటం పెట్టింది ఎవరు, ఎందుకు? యార్క్ పట్టణం నుంచి ఆల్క్విన్ అనే పంతుల్ని పిలిపించుకుని తన కొలువులో బడి పెట్టించిన రాజు అతడే అని తెలిశాక, మావాడికి అతడు పాటలో పేరు కాకుండా పోయాడు.

రెండో పనిముట్టు తిరిగి చెప్పించడం. కథ ఒక్కసారి చదివి వినిపించండి, పుస్తకం మూసి బిడ్డ చేత చెప్పించండి. సరిదిద్దవద్దు, మధ్యలో దూరవద్దు. మేము ఈసపు కథను ఇంగ్లీషులో చదివి, నానమ్మకు తెలుగులో చెప్పించేవాళ్లం. గ్రీకు, రోమను పంతుళ్లు పిల్లలకు ఇచ్చిన పద్నాలుగు రచనా అభ్యాసాల్లో మొదటిది నీతికథను తిరిగి చెప్పడమే. కుదించి చెప్పు, పెంచి చెప్పు, నక్క వైపు నుంచి చెప్పు. పంచతంత్రంతోనూ ఇదే చేయవచ్చు.

చేతిరాతకు మంచి వాక్యాలను చూసి రాయించడం, తొమ్మిదేళ్లు దాటాక చెబుతుంటే రాయించడం. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, మానకుండా చేయడమే.

లాటిన్ దగ్గర కాసేపు ఆగుదాం

తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది దీనికే. భయపడవలసింది అమెరికన్లు, మనం కాదు. లాటిన్‌లో నామవాచకం చివర మారుతుంది; మనం విభక్తులంటామే, అదే. "నౌతా పుయెల్లామ్ విడెత్" అంటే నావికుడు బాలికను చూస్తున్నాడు. "పుయెల్లా నౌతామ్ విడెత్" అంటే బాలిక నావికుణ్ణి చూస్తోంది. చివరి మకారమే మన "ను". మాటల వరుస మార్చినా అర్థం చెడదు. "బాలికను నావికుడు చూస్తున్నాడు" అన్నా మనకు అర్థమవుతుంది కదా. క్రియ చివర రావడం కూడా మన ధోరణే. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లవాడికి మాట చివర మారి అర్థం మారడం వింత. తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది రోజూ చేస్తున్న పనే, పేరు తెలియదంతే.

అందుకే మా ఇంట్లో లాటిన్ కంటే ముందు ఒక నెల తెలుగు విభక్తులు చెప్పాను. డు ము వు లు, ప్రథమా విభక్తి. నాకే మరిచిపోయినవి తిరిగి వచ్చాయి. ఎనిమిదేళ్లకు ముందు లాటిన్ మొదలుపెట్టవద్దు. ఉచ్చారణ రెండు రకాలు, చర్చి పద్ధతి, ప్రాచీన పద్ధతి. ఏదో ఒకటి పట్టుకుని మార్చకండి. పట్టికలు పాడించిన వారమే, ఆ పట్టికలోని మాటతో రెండు వాక్యాలు చేయించండి. లేకపోతే అదీ షార్లెమేన్ పాటే అవుతుంది.

నాలుగో మెట్టు: ఎదురు ప్రశ్న వయసు (సుమారు 11–14)

మన ఇళ్లలో చాలామంది ఈ పద్ధతిని వదిలేసేది ఇక్కడే. నిన్నటిదాకా చిలుకలా పలికిన పిల్ల హఠాత్తుగా "మీరు చెప్పినదానికి ఆధారం ఏమిటి?" అంటుంది. ఎదురు చెప్పడం మన పెంపకంలో పెద్ద తప్పు. కానీ ఈ విద్య ఆ ఎదురు ప్రశ్ననే పనిముట్టుగా తీసుకుంటుంది. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ప్రశ్నకు హద్దు లేదు, గొంతుకు ఉంది. ఎదుటివారి వాదనను వారే ఒప్పుకునేలా ముందు తిరిగి చెప్పి, తర్వాతే కాదనాలి.

తర్కం పాఠాలకు పుస్తకాలు దొరుకుతాయి: ప్రతిపాదనలు, అనుమాన వాక్యాలు (తెలిసినదాన్నుంచి తెలియనిది తేల్చేవి), హేత్వాభాసాలు (పైకి సరిగ్గా కనిపించే తప్పు వాదనలు). వారానికి రెండు పాఠాలు సరిపోతాయి. అంతకన్నా పదునైన అభ్యాసం ఆదివారం భోజనాల దగ్గర దొరుకుతుంది. చర్చిలో అయ్యగారి ప్రసంగంలో ప్రధానమైన మాట ఏమిటి? దానికి ఆధారంగా చూపిన వాక్యం ఏది? ఆ వాక్యం నిజంగా ఆ మాటే చెబుతోందా? ఇది అయ్యగారిని తప్పు పట్టడం కాదు. బెరయ పట్టణంలోని యూదులు పౌలు మాటలనే లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములలో మెచ్చుకోలుగానే రాసి ఉంది.

జనవరి 1న చర్చిలో తీసుకునే వాగ్దానం కార్డు, అంటే ఆ ఏడాదికి ఒక బైబిలు వాక్యం రాసి ఉన్న కార్డు, ఇంతకన్నా మంచి పాఠం. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీయుల పత్రిక వాక్యం మావాడికి ఒక ఏడాది వచ్చింది. లెక్కల పోటీలో గెలుస్తానని వాడి లెక్క. దానికి ముందున్న రెండు వచనాలు చదివించాను. పౌలు అక్కడ ఆకలిగా ఉండటం, కడుపు నిండి ఉండటం, సమృద్ధి, లేమి అన్నిటిలోనూ సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటున్నాడు. అదీ చెరసాల నుంచి. "అంటే ఓడిపోయినా పనికొచ్చే వాక్యమన్నమాట" అన్నాడు వాడు, కొంచెం నిరాశగా. పదమూడేళ్లవాడు సందర్భాన్ని బట్టి అర్థం తేల్చుకున్నాడు. ఐదేళ్ల కిందట కార్డు మీద నేర్చుకున్న "లేమి" అన్న మాట అక్కడ వాడికి ఉపయోగపడింది కూడా.

లెక్కల సంగతి ఇక్కడే చెప్పాలి. కొన్ని క్లాసికల్ బడుల్లో సాహిత్యానికి ఇచ్చిన పదును గణితానికి ఇవ్వరు. క్వాడ్రివియం పేరు చెబుతారు, చేతల్లో వదిలేస్తారు. ఎనిమిదో తరగతికి బీజగణితంలోకి రాకపోతే అడగండి, కుదరకపోతే ఇంట్లో చెప్పండి. ఈ ఒక్క విషయంలో మన తెలుగు పట్టుదల పనికొస్తుంది. యూక్లిడ్ రేఖాగణితాన్ని నిరూపణలతో సహా చదివిస్తే, తర్కానికి అంతకన్నా గట్టి పుస్తకం లేదు.

ఐదో మెట్టు: బడిని ఎంచుకోవడం

నాలుగు దారులున్నాయి: పూర్తిగా ఇల్లు, వారానికి ఒక రోజు కలుసుకునే కుటుంబాల బృందం, వారానికి రెండు మూడు రోజుల బడి, ఐదు రోజుల బడి. మూడోదానికి మా పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో 1993లో అంకురార్పణ జరిగింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో మొదటి రెండూ కష్టం. అది తప్పేమీ కాదు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది లాటిన్ సూక్తులు చూసి మురిసిపోకండి. పన్నెండో తరగతి పిల్లలతో పది నిమిషాలు మాట్లాడనివ్వమని అడగండి. విశ్వాస ప్రమాణాన్ని పూర్తిగా చదవండి. ఒక్కో బడిది ఒక్కో సంప్రదాయం. బాప్తిస్మం దగ్గరే మీకూ వాళ్లకూ తేడా రావచ్చు. చరిత్ర పుస్తకంలో రెండు అధ్యాయాలు తిరగేయండి: బానిసత్వం గురించి, భారతదేశం గురించి. ఈ ఉద్యమంలోని కొన్ని పుస్తకాలు, కొందరు నాయకుల రాతలు బానిసత్వపు కాలాన్ని తేలిక చేసి చెప్పాయన్న విమర్శ ఉంది, అది ఊరికే రాలేదు. మన పిల్లలు అక్కడ తమ రంగుతో కూర్చుని చదవాలి. మేము ఒక బడిని ఈ కారణంగానే వద్దనుకున్నాం.

ఆరో మెట్టు: సొంత మాట వయసు (సుమారు 15–18)

రోమను వక్త సిసెరో కాలం నుంచీ వాగ్మితకు ఐదు అంగాలు: చెప్పవలసినది వెతుక్కోవడం, వరుసలో పెట్టడం, మాటలు కూర్చడం, ధారణ, పలికే తీరు. నాలుగోది చూడండి. ధారణ తిరిగి ఇక్కడికి వచ్చింది, ఈసారి పనివాడిగా. చాలా బడుల్లో చివరి ఏడాది విద్యార్థి ఒక సిద్ధాంత వ్యాసం రాసి, పెద్దల ముందు నిలబడి సమర్థించుకోవాలి. ఇంట్లో చదివించేవారు కూడా దీన్ని వదలకండి. సంఘంలోని ఒక డాక్టరును, ఒక లాయరును, ఒక పెద్దావిడను పిలిచి ప్రశ్నలు వేయించండి. పెద్దావిడ ప్రశ్నే కష్టంగా ఉంటుంది.

పుస్తకాల దగ్గర మన ఇళ్లకే ప్రత్యేకమైన ఒక తిరకాసు ఉంది. పోతన భాగవతం ఇంట్లోకి రానివ్వని క్రైస్తవ కుటుంబాలు, ఇక్కడ గ్రీకు కవి హోమరును, రోమను కవి వర్జిల్‌ను పిల్లలచేత మారు మాట్లాడకుండా చదివిస్తున్నాయి. జూస్, అపోలో దేవతలు కాకపోతే ఎవరు? గ్రీకు దేవతలను ఇప్పుడెవరూ పూజించరు, మన పొరుగువారి విశ్వాసం సజీవంగా ఉంది, తేడా లేదా అంటారు. ఉంది. అందుకే రెండోదాన్ని మరింత గౌరవంగా, మరింత జాగ్రత్తగా చదవాలి; చదవకుండా ఉండటానికి అది కారణం కాదు. ఐగుప్తు బంగారం మాట నిజమైతే, అది గోదావరి ఒడ్డున దొరికినా బంగారమే. గుర్రం జాషువ పద్యం మీద ఆ పట్టు సంపాదించింది తెలుగు, సంస్కృత కావ్యాలు చదివే. ఆ పట్టుతోనే ఆయన రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మావాడు ఇప్పుడు వర్జిల్‌ను లాటిన్‌లో నాలుగు పంక్తులు, జాషువను తెలుగులో నాలుగు పంక్తులు పక్కపక్కన పెట్టుకుంటున్నాడు. రెండోది వాడికి ఎక్కువ కష్టంగా ఉంది, ఆ సంగతి వాడే సిగ్గుపడుతూ చెప్పాడు.

కాలేజీ గురించి అందరూ అడుగుతారు. ఇంటి చదువు పిల్లలకు తల్లిదండ్రులే మార్కుల పట్టిక తయారు చేయాలి. తొమ్మిదో తరగతి నుంచే చదివిన పుస్తకాలు, గంటలు రాసి ఉంచుకోండి. 2015లో మొదలైన క్లాసిక్ లెర్నింగ్ టెస్టు అనే కాలేజీ ప్రవేశ పరీక్షను 2023 నుంచి ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తున్నాయి. అయినా శాట్ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. ఇంజనీరింగ్ వైపు వెళ్లాలనుకుంటే భౌతికశాస్త్రాన్ని ప్రయోగశాల ఉన్న చోట, దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చేయించడం మేలు.

పోయిన నెల నానమ్మ ఇక్కడికి వచ్చింది. భోజనాల దగ్గర మావాడు తన వ్యాసం గురించి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు: వలస వెళ్లిన విశ్వాసి ఎవరి చట్టానికి ముందు లోబడాలి? మధ్యలో మాట తట్టక ఆగాడు. నానమ్మ అందివ్వలేదు, వాణ్ణే వెతుక్కోనిచ్చింది. కాసేపటికి "పరదేశి" అన్న మాట దొరికింది వాడికి. ఆ మాట ఎప్పటిదో కార్డు మీదిది.